షుగర్, బీపీ: మన ఇళ్లలో ముప్పు ఎవరికి ఎక్కువ?



మీరిచ్చిన సొమ్ము ఎక్కడెక్కడ ఖర్చయిందో ఏటా ఈ సంచికలో లెక్క అప్పజెబుతుంటాం. పిల్లల ఫీజులు, రమజాన్ కిట్లు, ఆడపిల్లల నికాహ్‌కు సాయం, వైద్యం. ఈ నాలుగింటిలో మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది చివరిదే. మిగతా మూడూ ఎప్పుడొస్తాయో ముందే తెలుసు. జూన్‌లో ఫీజులు, షాబాన్ నెలలో కిట్ల కొనుగోలు. వైద్యానికి మాత్రం మనిషి రాత్రి పదిగంటలకు వచ్చి తలుపు కొడతాడు.

అలా వచ్చినవాళ్లలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు. చెప్పు కరిచిందనుకున్నాడు. పసుపు పెట్టాడు, మందుల షాపులో అడిగి ఆయింట్‌మెంట్ పూశాడు. నెల గడిచింది. ఆసుపత్రిలో రక్తం చూస్తే షుగర్ మూడు వందల పైన. ముందు వేలు తీశారు, తర్వాత సగం పాదం తీశారు. వయసు నలభై నాలుగు. తండ్రికి షుగర్ ఉండేది, అక్కకు ఇప్పటికీ ఉంది. ఇవేవీ మాకు కొత్త కావు. ఆ ఇంటి వివరాలన్నీ మా కిట్ల రిజిస్టరులో ఏళ్ల తరబడి ఉన్నాయి. ఇంట్లో ఎందరు, ఎవరి వయసెంత, ఎవరు ఏం పని చేస్తారు, ఎవరు పోయారు, అన్నీ మా చేతిరాతలోనే ఉన్నాయి. బియ్యం, నూనె ఎంత ఇవ్వాలో తేల్చడానికే ఆ పేజీ తిప్పాం తప్ప, ఈ ఇంట్లో ఎవరికి జబ్బు రాబోతోందని ఒక్కసారీ చూడలేదు. ఆపరేషన్‌కు డబ్బిచ్చాం. ఆ డబ్బుతో ఎన్నేళ్ల మాత్రలు వచ్చేవో తర్వాత కూర్చుని లెక్కేసుకున్నాం. ఆ లెక్క ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

అందుకే ఈసారి ఖర్చుల పట్టిక పక్కన ఈ నాలుగు పేజీలు రాస్తున్నాం. జబ్బు ఎవరికి వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో మాత్రం వయసు, పని, చదువు, తల్లిదండ్రుల ఆరోగ్యం లాంటి మామూలు వివరాలే చాలావరకు చెబుతాయి.

ముందుగా ఒక అపోహ. షుగర్ డబ్బున్నవాళ్ల జబ్బని మనలో చాలామంది ఇంకా అనుకుంటున్నారు. భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు దేశమంతా లక్షా పదమూడు వేల మందిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. పెద్దవాళ్లలో బీపీ ఉన్నవాళ్లు 35 శాతం. షుగర్ పట్నాల్లో 16 శాతం, పల్లెల్లో 9 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, లేదా వాళ్లు మందులు వాడుతున్నారు. ఇదే వైద్య మండలి అధ్యయనం 2017లో ఇంకో మాట బయటపెట్టింది. బాగా అభివృద్ధి చెందిన రాష్ట్రాల పట్నాల్లో షుగర్ ఇప్పుడు ఉన్నవాళ్లలో కంటే లేనివాళ్లలోనే ఎక్కువగా కనబడుతోంది. ఉన్నవాళ్లు తిండి తగ్గించి, వాకింగ్ మొదలుపెట్టి, పరీక్షలు చేయించుకుంటున్నారు. లేనివాళ్లకు చౌకగా దొరికేది బియ్యం, నూనె, చక్కెర.

కొత్తచెరువు పల్లెనా, పట్నమా అని ఎవరైనా అడిగితే మా దగ్గర సూటి జవాబు లేదు. చుట్టూ మెట్ట చేలు, మధ్యలో బస్టాండు, బేకరీలు, బైకులు. పొలం పని పోయింది, పట్నం ఆసుపత్రి రాలేదు. ముప్పు ఎక్కువగా ఉండేది ఇలాంటి ఊళ్లలోనే అని మా అనుమానం. పల్లెల సంగతి కూడా పాత రోజుల్లా లేదు. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల మరణాలను ఇంటింటికీ తిరిగి నమోదు చేశారు. మూడింట ఒక వంతు మరణాలకు కారణం గుండెజబ్బు, పక్షవాతం లాంటివి. అంటురోగాల వాటా 12 శాతం మాత్రమే. ఇది ఇరవై ఏళ్ల నాటి లెక్క.

ఇక మన కరువు సంగతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది, అది కూడా నమ్మకం లేని వాన. ఆకలికీ షుగర్‌కూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. మేమూ అడిగాం. రెండో ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలం హాలెండులో తీవ్రమైన తిండి కరువు వచ్చింది. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్నవాళ్లను యాభై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల శరీరం చక్కెరను సరిగా సర్దుకోలేకపోతోందని తేలింది. కడుపులో ఉన్నప్పుడు తిండి చాలని బిడ్డ శరీరం పొదుపుకు అలవాటు పడుతుంది. పెద్దయ్యాక తిండి పెరిగితే, ఆ పొదుపు శరీరం దాన్ని పొట్ట చుట్టూ కొవ్వుగా దాచుకుంటుంది. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి పల్లెటూరి తల్లులనూ పిల్లలనూ గమనిస్తూ వచ్చింది. అక్కడ పుట్టిన బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డది 3.5. మన బిడ్డ అంత సన్నగా ఉన్నా, ఒంట్లో కొవ్వు మాత్రం దాదాపు అంతే ఉంది. తగ్గింది కండ. చూడటానికి సన్నగా ఉన్నవాడికి షుగర్ ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లకు ఇదే జవాబు.

మన తెలుగు నేల మీదే ఇంకా ఆశ కలిగించే ఉదాహరణ ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నం చేసింది. పదిహేను పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా అదనంగా తిండి అందింది. మిగతా పద్నాలుగు పల్లెలకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక చూస్తే, తిండి అందిన పల్లెల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు, వాళ్ల శరీరంలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. గర్భిణికి ఇచ్చే రమజాన్ కిట్‌లో పప్పు, బెల్లం, చెనిక్కాయలు కాస్త పెంచాలని మేము ఎందుకు పట్టుబడుతున్నామో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

1965-66, 1972, 1987 దేశమంతా గుర్తున్న కరువు ఏళ్లు. 1972 నాటి బిడ్డలు ఇప్పుడు యాభై దాటారు. 1987 వాళ్లు నలభైకి వస్తున్నారు. ఈ మధ్యలో మన పళ్లెం కూడా మారింది. కొర్రలు, రాగులు పండిన చేలల్లో చెనిక్కాయ వేశారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని మేము తప్పు పట్టడం లేదు. ఆ బియ్యం లేకపోతే మాలో కొందరం ఈ వ్యాసం రాయడానికి ఉండేవాళ్లం కాదు. అయితే పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో నాలుగు చాయ్‌లు అయ్యాక, ముద్ద సంగటి తిని పదెకరాలు తిరిగిన తాతల ఆరోగ్యం మనకెలా వస్తుంది?

వయసు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముప్పై దాటాక ముప్పు మొదలవుతుంది, నలభై, యాభైలలో వేగం పుంజుకుంటుంది. మన సమాజంలో పిల్లలు, యువకులు ఎక్కువ కాబట్టి ఈ జబ్బులు ఇంకా తక్కువే కనబడుతున్నాయి. అది ఎక్కువ కాలం నిలవదు. దేశంలో ముస్లిం మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 1992-93లో 4.4, 2019-21లో 2.4. ఆ పెద్ద కుటుంబాల్లో పుట్టిన పిల్లలందరూ వచ్చే పదిహేనేళ్లలో వరుసగా నలభై దాటుతారు. వాళ్లను చూసుకోవాల్సిన బిడ్డలు మాత్రం ఇంటికి ఇద్దరే.

మా మనసులో ఎక్కువ బరువుగా ఉన్నది ఆడవాళ్ల సంగతి. ఒక ఇంటి గురించి చెబుతాం, పేరు వద్దు. భర్త గౌండా పని, పొద్దంతా ఇటుకలు మోస్తాడు. ఆమె ఇంట్లోనే పట్టుచీరలకు కుచ్చులు కడుతుంది, ఖాళీ ఉంటే మిషను కుడుతుంది. పొద్దున కూర్చుంటే లేచేది నమాజుకూ పొయ్యి దగ్గరికీ. నలుగురు పిల్లలు. మూడో కాన్పులో షుగర్ ఉందని డాక్టరమ్మ చెప్పింది, కాన్పు తర్వాత తగ్గిపోయిందని అందరూ మరిచిపోయారు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాత జీవితంలో శాశ్వతంగా షుగర్ వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు. కాన్పు తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఒకసారి, ఆపైన ఏడాదికోసారో కనీసం మూడేళ్లకోసారో పరీక్ష చేయించాలి. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఎవరు తీసుకెళ్తారు? మగవాడు పని మానుకుంటే కూలి పోతుంది. ఆమె ఒక్కతే వెళ్లదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం, అడుగున మిగిలిన పులుసుతో తింటుంది. కూరలో ముక్కలు అప్పటికే అయిపోయి ఉంటాయి.

మన రాష్ట్రంలో 2019-21 సర్వే ప్రకారం స్త్రీలలో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో 59 శాతం మందికి రక్తహీనత. ఒంట్లో బరువుంది, బలం లేదు. మేము ఇంటింటికీ తిరిగినప్పుడు చూసేది ఈ రెండు అంకెలనే. “ఖాలా, ఒంట్లో ఎలా ఉంది?” అంటే “అంతా బాగుంది బాబూ, అల్లాహ్ దయ, మోకాళ్లే కొంచెం” అంటారు. ఆశా కార్యకర్త ఫారం పట్టుకుని వచ్చినా ఇదే జవాబు. మన ఆడవాళ్లకు నడవడానికి చోటెక్కడ అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. మగవాళ్లు ఫజర్ తర్వాత రైల్వే స్టేషను రోడ్డు పట్టుకుని పోతారు. ఆడవాళ్లు అలా పోతే నలుగురూ చూస్తారు. పోయిన ఏడాది ఒక వీధిలో నలుగురైదుగురు ఆపాలు కలిసి అసర్ తర్వాత నడవడం మొదలుపెట్టారు. మొదట నవ్విన ఇళ్ల నుంచే తర్వాత ఇద్దరు వచ్చి చేరారు. మా సంఘం పైసా ఖర్చు లేకుండా జరిగిన మంచి పని అదొక్కటే.

చదువు, ఒంటరితనం కూడా లెక్కలోకి వస్తాయి. చీటీ చదవలేని మనిషి తెల్లమాత్ర, పచ్చమాత్ర అని గుర్తుపెట్టుకుంటుంది, కంపెనీ మారి మాత్ర రంగు మారితే మానేస్తుంది. భర్త పోయినావిడ కొడుకు బెంగళూరులో, కూతురు అత్తింట్లో ఉంటే, ఒక్కదాని కోసం వండుకోవడమెందుకని చాయ్, బన్నుతో రాత్రి గడిపేస్తుంది. కువైట్‌లో ఇంటిపనికో డ్రైవరుగానో వెళ్లినవాళ్లు రెండేళ్లకోసారి వచ్చినప్పుడు పెళ్లిళ్లకు తిరుగుతారే గాని రక్తం చూపించుకోరు.

ఇవన్నీ కలిపి ఎవరి ముప్పు ఎంతో తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో మన దేశస్థుల కోసమే దీన్ని తయారుచేసింది. మొత్తం వంద మార్కులు. రక్తం చుక్క అక్కర్లేదు, దర్జీ టేపు ఉంటే చాలు.

వయసు 35 లోపైతే సున్నా, 35 నుంచి 49 వరకు 20, యాభై, ఆపైన 30. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. నడుము కొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు, మగవాళ్లకు 90 లోపు ఉంటే సున్నా. అక్కడి నుంచి ఇంకో పది సెంటీమీటర్ల లోపు ఉంటే 10, అదీ దాటితే 20. ఒంటికి బాగా శ్రమ ఉండి, దానికి తోడు వ్యాయామం కూడా చేస్తే సున్నా, రెండింటిలో ఒకటే ఉంటే 20, ఏదీ లేకపోతే 30. మొత్తం 60, ఆపైన వస్తే ముప్పు ఎక్కువ, వెంటనే రక్తపరీక్ష చేయించాలి. 30 లోపైతే తక్కువ. మధ్యలో ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

పైన చెప్పిన ఇంటినే చూడండి. ఆమెకు నలభై రెండేళ్లు, 20. తల్లికి షుగర్, 10. నడుము 92, మరో 20. కూర్చుని చేసే పని, వ్యాయామం లేదు, 30. మొత్తం 80. గౌండా పని చేసే భర్తకు నలభై ఐదు, నడుము 84, తల్లిదండ్రులకు జబ్బు లేదు, ఒంటి శ్రమ ఉంది కాబట్టి 20. మొత్తం 40. ఒకే పొయ్యి, ఒకే వంట, ఇద్దరి మార్కుల్లో ఇంత తేడా. మొన్నటిదాకా ఆ ఇంట్లో మేము ఆరోగ్యం అడిగేది భర్తనే, సంపాదించేవాడు కాబట్టి.

వయసుకు, తల్లిదండ్రులకు కలిపి 50 మార్కులు. వాటిని ఎవరూ మార్చలేరు. మిగతా 50 నడుముకు, శ్రమకు. అవి మార్చగలిగినవి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ మార్కులు షుగర్‌కే. బీపీకి చేతికి పట్టీ కట్టి చూడటం తప్ప వేరే దారి లేదు. పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని చేరి, వేరే రోజు చూసినా అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తలనొప్పి, కళ్లు తిరగడం వస్తేనే బీపీ అనుకోకండి. చాలామందిలో అది ఏ గుర్తూ చూపించకుండానే గుండెనూ కిడ్నీలనూ తినేస్తుంది. రోజుకు ఒక టీస్పూను ఉప్పుకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన నిమ్మకాయ ఊరగాయ, అప్పడం, దాల్చా లెక్కేస్తే మధ్యాహ్నానికే ఆ టీస్పూను అయిపోతుంది.

కనుక్కున్నాక ఏం చేయాలి అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఈ విషయంలో మేము నేర్చుకున్నది మన దగ్గర కాదు, ఫలస్తీనా శరణార్థుల దగ్గర. వాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన అన్‌ర్వా అనే సంస్థ 1950లో పని మొదలుపెట్టింది. పిండి, బియ్యం, చక్కెర, నూనె పంచడం, తల్లీబిడ్డల సంరక్షణ, అంటురోగాల నివారణ మొదట్లో దాని పని. గుడారాలు ఇళ్లయ్యాయి, తరాలు మారాయి, శిబిరాల్లో జనం వయసు పెరిగింది, షుగర్, బీపీ పెరిగాయి. 1992 నుంచి వాటి చికిత్సను కూడా మామూలు క్లినిక్కుల్లోనే మొదలుపెట్టారు. నలభై దాటినవాళ్లు దేనికొచ్చినా ఈ రెండూ చూస్తారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో నుజ్హా అనే చోటి క్లినిక్కులో ఇంకో అడుగు ముందుకేశారు. మూడు నెలలకొకసారి రిజిస్టరు తీసి, ఎందరు వచ్చారు, ఎందరి షుగర్ అదుపులో ఉంది, ఎందరు రావడం మానేశారు అని లెక్కేస్తారు. క్షయ రోగులను వెంబడించే పద్ధతినే షుగర్‌కూ వాడారు. 2023 అక్టోబరు తర్వాత గాజాలో ఇన్సులిన్‌కూ డయాలసిస్‌కూ రోగులు పడిన పాట్లు మీరు చూశారు. ఇల్లు, ఆసుపత్రి, కరెంటు ఉన్న మన దగ్గర మాత్ర మానేసే మనిషిని వెంబడించే నాథుడు లేడు.

ప్రభుత్వం చేయడం లేదని కాదు. ముప్పై దాటినవాళ్లందరికీ ఉచిత పరీక్షలున్నాయి, ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఉచితం. గుండెకు, కళ్లకు పుట్టపర్తిలో 1991 నుంచి ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది. డయాలసిస్‌కు ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది. కానీ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి బస్సు ఛార్జీ, తోడు వెళ్లేవాడి కూలి కూడా కావాలి. మా వైద్య సాయంలో చాలాభాగం పోయేది దానికే.

డయాలసిస్‌కు ఇచ్చిన దాతకు ఒక ప్రాణం నిలబెట్టామని కంటికి కనబడుతుంది. మాత్రలకిస్తే ఏమీ కనబడదు, జబ్బు ముదరకపోవడం ఫోటోలో పడదు. ఈ సంచికలో వేసుకోవడానికి మాకూ ఫోటో ఉండదు. అయినా అడుగుతున్నాం. జన ఔషధి దుకాణంలో ఒక మనిషికి నెలకు సరిపడే మెట్‌ఫార్మిన్ ఒక బిర్యానీ పొట్లం కంటే తక్కువకు వస్తుంది. ఉలమాలను అడిగి మేము పెట్టుకున్న కట్టుబాటు ఏమంటే, హక్కుదారులైన పేదల మందులకు జకాత్ సొమ్ము, బీపీ మిషన్లు, గ్లూకోమీటరు పట్టీలు, తిరిగే మనిషి జీతానికి మామూలు విరాళాలు. రెంటినీ కలపం. ఇచ్చేటప్పుడు ఏది దేనికో చెప్పి ఇవ్వండి.

రమజాన్ గురించి ఒక్క మాట. 2001లో పదమూడు దేశాల్లో జరిపిన సర్వేలో, పెద్దవయసులో వచ్చే రకం షుగర్ ఉన్నవాళ్లు వందకు 79 మంది కనీసం పదిహేను రోజాలు ఉన్నట్టు తేలింది. ఆ నెలలో చక్కెర మరీ పడిపోయి ఆసుపత్రి పాలవడం వాళ్లలో ఏడు రెట్లకు పైగా పెరిగింది. రోగికి ధర్మం ఇచ్చిన సడలింపు మీకు తెలిసిందే. ఉండదలచినవాళ్లు షాబాన్‌లోనే డాక్టరును కలిసి మాత్రల వేళలు మార్పించుకోవాలి. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని చాలామంది ఉలమాలు చెబుతున్నారు. డెబ్భై కంటే తగ్గితే ఆ క్షణమే విరమించాలి.

మా రిజిస్టరులో ఈ నెల నుంచి అయిదు గడులు కొత్తగా గీశాం. తల్లిదండ్రుల షుగర్, నడుము కొలత, శ్రమ, బీపీ, చివరిసారి మాత్రలు తీసుకున్న తేదీ. మొదట ముప్పై దాటిన ఆడవాళ్ల పేర్లు. ఆడవాళ్ల ఇళ్లకు ఆడవాళ్లే వెళ్తారు, ఇద్దరు ఆపాలు ఒప్పుకున్నారు. బీపీ మిషను ఒకటి ఉంది, ఇంకోటి కావాలి. కాలు పోయిన ఆటో డ్రైవరు పేరు కూడా రిజిస్టరులో ఉంది. ఆయన పెద్దకొడుకుకు ఇరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఆ ఆటో వాడే నడుపుతున్నాడు. వయసుకు సున్నా, తండ్రికి 10, రోజంతా సీటు మీదే కాబట్టి 30. నడుము ఇంకా కొలవలేదు. జుమా తర్వాత రమ్మన్నాం.